పులికాటు రేవుకోట

చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 55 కిలోమీటర్ల దూరమున, సరస్సు సముద్రముతో కలియుచోట, పులికాటు అను ఊరు కలదు. తమిళులు దీనిని పళవేర్కాడు అందురు. సరస్సునకు మనవారిలో ప్రళయకావేరి యను పేరును కలదు. ఇచ్చటి చిన్నకోట చరిత్రము తమిళనాట స్థిరపడిన మన కుటుంబములవారు తెలిసికొనదగినది.

విజయనగర ప్రభువైన వేంకటపతిరాయల అనుమతితో 1610లో డచ్చివారు ఇచ్చట వర్తకశాల నెలకొల్పిరి. మైలాపూరు శాంతోములోని పోర్చుగీసువారికి ఇది కంటగింపాయెను. 1612లో వారు దండెత్తి వచ్చి దానిని నాశనము చేసిరి. మరుసటి యేడే డచ్చివారు రేవునకు కాపుగా కోట కట్టి, తమ అధికారి వాన్ బెర్కెము స్వసీమ పేరిట గెల్డ్రియా యని పేరిడిరి. 1690 వరకు ఈ తీరమున వారి ముఖ్యస్థానమిదియే.

ఈ కోట నిలిచినది నేతగుడ్డల మూలముననే. తూర్పుదీవులలో లవంగములు, జాజికాయ కొనవలెనన్న అచ్చటివారు మన తీరపు రంగుగుడ్డలను కోరెడివారు. సాలెవారికి ముందుగా సొమ్మిచ్చి, సరకు సేకరించి ఓడలకు చేర్చు పనిని దేశీయ వర్తకులు నిర్వహించిరి. వారిలో తెలుగు బలిజలైన అచ్యుతప్ప చెట్టి, అతని తమ్ముడు చిన్నన్న మిక్కిలి ప్రసిద్ధులు. వీరు స్వంత ఓడలు నడిపిరి. దేశ రాజకీయములందును పాల్గొనిరి.

ఈ వైభవమునకు వెనుక నున్న దుఃఖమును దాచరాదు. 17వ శతాబ్దిలో కరవులు వచ్చినపుడు, తిండిలేక అమ్ముడుపోయిన బీదలను వేలకొలదిగా ఈ తీరమునుండి బటావియాకు బానిసలుగా తరలించిరి.

1690లో ముఖ్యస్థానము నాగపట్టణమునకు మారుటతో పులికాటు ప్రాధాన్యము తగ్గెను. 19వ శతాబ్ది ఆరంభమున ఆంగ్లేయులు కోటను కూలగొట్టిరి. 1825లో ఊరు తుదిగా వారి పరమాయెను.

నేడు కోటయున్న చోట దిబ్బలు, ముండ్లపొదలు మాత్రము కలవు. డచ్చివారి శ్మశానము మాత్రము పురావస్తుశాఖ రక్షణలో నున్నది. దాని ద్వారమున ఇరుప్రక్కల చెక్కిన అస్థిపంజరములు, లోపల పేర్లు, తేదీలు గల పలకలు కానవచ్చును. పరదేశమున మరణించినవారి పేర్లు ఇట్లు రాతిపై నిలిచినవి. గుడ్డ నేసినవారి పేర్లు ఏ రాతిపైనను లేవు. మన వర్తకుల పేర్లైనను డచ్చివారి దస్తరములందు ఉండుటచేతనే మిగిలినవి.

జీవితకాలము దస్తరముల నడుమ గడిపిన మేము, వ్రాసియుంచని పేరు రెండు తరములకు మించి నిలువదని యెరుగుదుము. కావున మన యిండ్లలోని పాత దస్తావేజులు, లెక్కల పుస్తకములు చెదలపాలు గాకమునుపే పిల్లలచే నకళ్లు వ్రాయింతము. పెద్దలు ఏ యూరినుండి, ఏ పనికై వచ్చిరో తెలుగులోనే వ్రాయింతము.