సింహానికి మొలిచిన చేతులు

పల్నాడులో పిడుగురాళ్ల దగ్గరి కొండమోడులో దొరికిన ఒక సున్నపురాతి పలక హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి చేరింది. 4వ శతాబ్దం నాటిదని పండితులు చెప్పే ఆ పలక మీద ఉన్నది నరసింహస్వామి. కానీ ధర్మపురిలోనో, అహోబిలంలోనో మనం దండం పెట్టుకునే రూపం కాదు. ఒళ్లంతా సింహమే. నోరు తెరిచి, మనవైపే చూస్తూ కూర్చుంది. రొమ్ము మీద శ్రీవత్సం. మెడకు అటూ ఇటూ రెండు మనిషి చేతులు మొలిచాయి. ఒక చేత గద, ఒక చేత చక్రం. పక్కన వృష్ణి వంశపు వీరులు ఐదుగురు. పురావస్తు శాస్త్రవేత్త అబ్దుల్ వహీద్ ఖాన్ 1964లో ఈ శిల్పం మీదే ప్రత్యేకంగా ఒక గ్రంథం వెలువరించారు.

578లో పూర్తయిన బాదామి మూడో గుహలో నరసింహుడు నిలువెత్తు మనిషి. సింహం తలకే పరిమితమైంది. ఆ రెండు చేతులతో మొదలైన మనిషి భాగం మెడ దాకా వచ్చి ఆగిందన్నమాట. మృగంలోకి మనిషి ఇలా మెల్లగా ప్రవేశించడం ఒక్క మన నేలకే చెందిన ముచ్చట కాదు.

చైనావాళ్ల ప్రాచీన గ్రంథం షాన్ హాయ్ జింగ్‌లో షీ వాంగ్ మూ అనే దేవత కనిపిస్తుంది. పడమటి కొండల తల్లి. మనిషిలాగే ఉంటుంది కానీ చిరుతపులి తోక, పులి కోరలు ఉంటాయి. తెగుళ్లూ శిక్షలూ ఆమె చేతిలోని పనులు. హాన్ రాజుల కాలానికి ఆమె చావులేని వరమిచ్చే తల్లిగా కొలుపులందుకుంది. సిచువాన్ సమాధుల శిల్పాల్లో నిండైన రాణిలా కూర్చుంటుంది. కోరలూ తోకా పోయాయి. మృగాలు మాత్రం ఆమెను వదల్లేదు. పులి, డ్రాగన్ ఆమెకు ఆసనమయ్యాయి. తొమ్మిది తోకల నక్క, మూడు కాళ్ల కాకి పరివారమయ్యాయి.

అందరు దేవతలూ ఈ దారి పట్టలేదు. ఫూషీ, న్యూవా అనే ఆదిదంపతులు నడుము పైన మనుషులు, కింద పాములు. షాన్‌డాంగ్‌లో 151 నాటి వూ లియాంగ్ స్మారక మందిరంలోనూ, కొన్ని వందల ఏళ్ల తర్వాత తుర్ఫాన్ సమాధుల్లో దొరికిన పట్టు చిత్రాల్లోనూ వాళ్ల తోకలు పెనవేసుకునే ఉన్నాయి. చేతుల్లో వృత్తలేఖిని, మూలమట్టం పట్టుకుని లోకానికి కొలతలు ఏర్పరిచేవారు వాళ్లు. మన రావిచెట్ల కింద ప్రతిష్ఠించిన జంటనాగుల రాళ్లు చూసినవారికి ఆ మెలిక కొత్తగా అనిపించదు. సంతానాన్ని, పంటను ఇచ్చే శక్తిని పాము నుంచి విడదీయడం ఇక్కడా అక్కడా ఎవరికీ ఇష్టం లేకపోయింది.

ఇక బురాఖ్. ముహమ్మద్ ప్రవక్త ఆకాశయానం చేసిన మేరాజ్ రాత్రి అధిరోహించిన ఆ వాహనం హదీసుల్లో తెల్లని జంతువు మాత్రమే. గాడిద కన్నా పెద్దది, కంచరగాడిద కన్నా చిన్నది. దానికి మనిషి ముఖం పెట్టింది తర్వాతి కాలపు చిత్రకారులు. దక్కన్ చిత్రకారులైతే దాని ఒంటినిండా ఇంకెన్నో జంతువులను పొదిగారు. మన ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ రాయగా డాక్టర్ హెర్‌క్లాట్స్ ఆంగ్లంలోకి తెచ్చిన ఖానూన్-ఎ-ఇస్లాం 1832లో లండన్‌లో అచ్చయింది. మొహర్రం రోజుల్లో పీర్లు, తాబూతులతో పాటు బురాఖ్ బొమ్మలనూ నిలిపేవారని అందులో ఉంది.

అదే భక్తి సికింద్రాబాద్ పక్కన మౌలాలి గుట్ట మీద బొమ్మ అవసరం లేకుండా నిలిచింది. ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని యాకూత్‌కు కలలో హజ్రత్ అలీ ఆ గుట్ట మీద రాతికి చెయ్యి ఆనించి కనిపించారని, మర్నాడు వెళ్లి చూస్తే రాతి మీద ఆ చేతి గుర్తు ఉందని స్థలకథ. రజబ్ నెల ఉత్సవాలకు మెట్లెక్కే జనంలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. వాళ్లు చూడవచ్చేది ఆ చేతి గుర్తునే.

కొండమోడు శిల్పి సింహానికి ముందుగా ఇచ్చిందీ చేతులనే. గర్జించే బలం మృగానిది. ఆ బలం మన పక్షాన నిలవాలంటే ఆదుకునే చెయ్యి కావాలి, మొర వినే ముఖం కావాలి. పులి కోరల తల్లి వరాల రాణి కావడానికీ, బురాఖ్‌కు ముఖం రావడానికీ కారణం అదేనని నా నమ్మకం. ఈ రూపాలను మొరటు కాలపు వింత ఊహలని తీసిపారేయకూడదు. భయపడిన శక్తితోనే బంధుత్వం కలుపుకోవడానికి మన పెద్దలు తరతరాలుగా చేసిన ప్రయత్నం వీటిలో ఉంది.