సంవత్సరమనగా నేది?



“ఈ యేడు” అని మనము దినమునకు పలుమారు లందుము. మాటలో నది చాలును. వినువానికి సందర్భము తెలియును. కాగితముమీద మాత్రము చాలదు. ఏ లెక్క ననుసరించిన యేడో చెప్పని పత్రము ఊరిపేరు లేని చిరునామా వంటిది. మన పరిగి ప్రాంతమున నొక్క పొలమునకే మూడు విధముల యేండ్లు నడచినవి గనుక ఈ సంగతి మన మెరుగవలెను.

మొదటిది పంచాంగపు సంవత్సరము. ఇది ఉగాదితో మొదలగును. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములు. అధికమాసము వచ్చినచో నెలలు పదుమూడు. సంవత్సరముల పేర్లు అరువది. ఆ పిమ్మట అవే మరల వచ్చును. 1950 ఉగాదికి వచ్చినది వికృతి, 2010 ఉగాదికి వచ్చినదియు వికృతియే. “వికృతి చైత్రము” అని మాత్రమే యున్న పత్రము తాత వ్రాసినదో, మనుమడు వ్రాసినదో చెప్పుట యెట్లు? శాలివాహన శకసంఖ్య గూడ నున్నచో ఈ చిక్కు లేదు.

రెండవది ఫసలీ. ఫసలు అనగా పంట. హిజరీ సంవత్సరమున అధికమాసము లేదు. అందుచే 33 పంటయేండ్లు గడచునప్పటికి సుమారు 34 హిజరీ యేండ్లు గడచును. ఆ లెక్కను శిస్తు గొన్నచో రైతు 33 పంటలు పండించి 34 శిస్తులు చెల్లింపవలసి వచ్చును. ఈ చిక్కు తీరుటకై అక్బరు కాలమున, హిజరీ 963, అనగా క్రీ.శ. 1556 మొదలుకొని, పంట ననుసరించిన యేడు ఏర్పడెను. దక్కనునకు ఇది షాజహాను కాలమున వచ్చినది. దక్కను ఫసలీకి 590 కలిపినచో, ఆ ఫసలీ మొదలైన క్రీస్తు సంవత్సరము వచ్చును. నిజాము రాజ్యమున నిది ఆజూరు నెలతో, అక్టోబరులో ఆరంభమయ్యెడిది. 1317 ఫసలీ భూమిశిస్తు చట్టము 1907–08 నాటి దని ఇట్లు తెలియును. తరువాతి రెవెన్యూ లెక్కలలో ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30తో ముగియును. 1954–55 ఖాస్రా పహాణీ 1364 ఫసలీది.

మూడవది క్యాలెండరు సంవత్సరము: జనవరి 1 మొదలు డిసెంబరు 31 వరకు. “ఒక సంవత్సరము” అనుట వేరు, “క్యాలెండరు సంవత్సరము” అనుట వేరు. జూన్ 10 మొదలు ఒక సంవత్సరమన్నచో మరుసటి జూన్ 9తో ముగియును. సర్కారు జమాఖర్చుల యేడు మరియొకటి. అది ఏప్రిలు 1న మొదలగును.

ఈ భేదములవలన వచ్చు నష్టమునకు మన కందిపంటయే సాక్షి. తొలకరిలో విత్తిన కంది సంక్రాంతి ప్రాంతమున గాని యిల్లు చేరదు. జూలై 1న మొదలగు ఫసలీలో, ఆ తేదీ తరువాత విత్తినచో, విత్తుటయు కోయుటయు నొక్క యేటిలోనే యిమిడియుండును. క్యాలెండరు సంవత్సరము పంటను రెండుగా చీల్చును. కౌలుపత్రమున “2025 క్యాలెండరు సంవత్సరమునకు” అని వ్రాసినచో డిసెంబరు 31తో గడువు తీరును. కంది యింకను చేనిలో నుండవచ్చును. భూమి గలవాడు పత్రము చూపును, కౌలుదారు పంట చూపును. తగవునకు మూలము ఒక్క మాట.

కావున నా మనవి యొక్కటే. పాతకాగితము విప్పినపుడు అందలి యేడు ఏ లెక్కదో ముందు తేల్చుకొనుడు. క్రొత్తది వ్రాయించునపుడు “ఈ యేటికి” అని విడువక, మొదలు తేదీని, ముగింపు తేదీని రెంటిని వ్రాయింపుడు. పంట యింటికి వచ్చుదాక గడువుండునట్లు చూడుడు.