సార్ట్ ఇట్: ఆరోగ్య పరిశోధనలో కొత్తవారికి శిక్షణ

సార్ట్ ఇట్ అనేది ఆరోగ్య కార్యక్రమాల్లో ఉద్యోగం చేస్తున్నవారికి, ఆ ఉద్యోగంలో ఎదురయ్యే ప్రశ్నల మీదే పరిశోధన చేయడం నేర్పే అంతర్జాతీయ శిక్షణ. క్షయ, ఊపిరితిత్తుల వ్యాధులపై పనిచేసే యూనియన్ సంస్థ, ‘సరిహద్దులు లేని వైద్యులు’ కలిసి 2009లో ఆరంభించిన కోర్సు దీనికి మూలం. తరవాత ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఉన్న ఉష్ణమండల వ్యాధుల పరిశోధన, శిక్షణ కార్యక్రమం (టీడీఆర్) సమన్వయ బాధ్యత తీసుకుంది. ఇలాంటి శిక్షణ ఎందుకు కావాలో ఆరోగ్య పరిశోధన కమిషన్ 1990లో ఇచ్చిన నివేదికలో కనిపిస్తుంది. దాని లెక్కలో, అప్పట్లో నివారించదగిన మరణాల భారంలో 93 శాతం వర్ధమాన దేశాలదే అయినా, పరిశోధన వనరుల్లో వాటి సమస్యలకు దక్కింది దాదాపు 5 శాతం. డబ్బు పెంచినంత మాత్రాన ఈ లోటు తీరదు. ప్రశ్న వేసి జవాబు రాబట్టగలిగేవాళ్లు ఆ దేశాల్లోనే తయారు కావాలి.

శిక్షణ మూడు విడతలుగా సాగుతుంది: పరిశోధన ప్రణాళిక, డేటా విశ్లేషణ, పత్రరచన. గడువు తప్పినవారికి తర్వాతి విడతలో చోటుండదు. మూడో విడత ముగిసిన నాలుగు వారాల్లోగా పత్రాన్ని జర్నల్‌కు పంపాలి. రోగుల మధ్య ఊపిరాడని ఉద్యోగికి ఇంత కఠినత్వం తగదని అనవచ్చు. కష్టమే, కానీ ఆ గడువు మార్గదర్శకుణ్ణి కూడా కట్టేస్తుంది. మామూలు వర్క్‌షాపులో ఉపన్యాసం అయిపోగానే ఆచార్యుడి పని తీరిపోతుంది. ఇక్కడ పత్రం వెళ్లేదాకా ఆయన శిష్యుడి పక్కనే ఉండాలి. కొత్త పరిశోధకుడికి అన్నిటికన్నా అవసరమైనది ఈ తోడే. ఈ పరిశోధనలకు ఆధారమైన క్లినిక్ రిజిస్టర్లలోని డేటా నాసిరకమన్న ఆక్షేపణకూ బలముంది. అయితే ఆ రిజిస్టర్లలో ఖాళీలు ఎక్కడున్నాయో తేల్చడం కూడా కార్యక్రమానికి పనికొచ్చే ఫలితమే.

ఒక్క పత్రంతో పరిశోధకుడు తయారవుతాడా అన్న అభ్యంతరానికి మాత్రం సార్ట్ ఇట్ దగ్గర పూర్తి జవాబు లేదు. దీర్ఘకాలిక దారి కార్టాది. నైరోబీలోని ఆఫ్రికా జనాభా, ఆరోగ్య పరిశోధన కేంద్రం, జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం ముందుండి 2008లో నెలకొల్పిన కూటమి ఇది. ఆఫ్రికా విశ్వవిద్యాలయాల అధ్యాపకులు అక్కడే పీహెచ్‌డీ చేస్తూ, ఉమ్మడి సదస్సుల్లో కలిసి నేర్చుకుంటారు. పర్యవేక్షకులకు కూడా శిక్షణ ఇవ్వడం ఈ కూటమి చేసిన గొప్ప పని. మంచి శాస్త్రవేత్త మంచి మార్గదర్శి అయి తీరాలని లేదు. సార్ట్ ఇట్‌లో కూడా నేర్చుకున్నవారు కొందరు తర్వాతి బృందాలకు మార్గదర్శకులుగా తిరిగి వస్తున్నారు. వారు వెచ్చించే గంటలకు పదోన్నతిలో విలువ, గ్రాంటులో జీతం ఉంటేనే ఆ రాక కొనసాగుతుంది.