శివారు నుంచి ఎగువకి

కృష్ణా పశ్చిమ డెల్టాకి మా చెరుకుపల్లి వైపు పొలాలు శివారు భూములు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక మాకూ కృష్ణ నీరు వచ్చింది. కానీ ఎగువన దుగ్గిరాల, తెనాలి చేలు తడిశాక మిగిలిందే మాది. నారు ముదిరిపోతున్నా కాలువలో చుక్క కనపడని ఏళ్ళున్నాయి. అలాంటప్పుడు మా నాన్నలాంటి వాళ్ళు రాత్రిళ్ళు లాంతర్లు పట్టుకుని గట్టు వెంట ఎగువకి నడిచి, తూముల దగ్గర కాపలా కాసేవారు.

ఈ ఊళ్ళ నుంచే చాలామంది నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని రాయచూరు సీమకి వెళ్ళారు. మా బాబాయి కూడా వెళ్ళాడు. ఇక్కడ ఎకరం అమ్ముకుంటే అక్కడ నాలుగైదెకరాలు వచ్చే రోజులవి.

ఆ సీమకి నీరిచ్చే తుంగభద్ర ఆనకట్టని నిజాం ప్రభుత్వం, మద్రాసు ప్రభుత్వం కలిసి తలపెట్టాయి. 1945లో శంకుస్థాపన జరిగింది, 1953లో కాలువలకి నీరు వదిలారు. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరింది. ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాలన్నీ అప్పటికి జొన్న, పత్తి పండే నల్లరేగడి మెట్టలు. చేతిలో డబ్బు లేని అక్కడి రైతుకి ఆ ఎత్తుపల్లాల నేలని మడులుగా చదును చేయడం తలకి మించిన పని. అందుకే చాలామంది అమ్ముకున్నారు. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ళు కొన్నారు. గట్లు వేశారు, దమ్ము చేశారు, ఊడ్పులు ఊడ్చారు. పొలాల మధ్యే ఇళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. వాటిలో రామాలయం ఉంటుంది, సంక్రాంతికి ముగ్గులుంటాయి, పిల్లలు బళ్ళో కన్నడం చదువుతారు. జొన్నరొట్టె మా పిన్నికి మొదట్లో గొంతు దిగేది కాదట. తర్వాత తర్వాత మా ఇంటికొచ్చినా అదే అడిగేది.

మనుషుల వెనకే విత్తనమూ వెళ్ళింది. మాకు దగ్గరలోని బాపట్ల వరి పరిశోధన కేంద్రం 1986లో బీపీటీ 5204 రకాన్ని విడుదల చేసింది. సాంబ మసూరి అంటే అదే. దాని పుట్టుకే పెద్ద ప్రయాణం. కోయంబత్తూరు జీఈబీ 24ని తైవాన్ పొట్టిరకం టీఎన్ 1తో కలిపారు. ఆ సంకరాన్ని మలేసియా నుంచి వచ్చిన మసూరితో మళ్ళీ కలిపారు. సన్నగింజ, తినడానికి మెత్తన. తుంగభద్ర కింద ఆ రకం బాగా పాకింది. గంగావతి, సింధనూరు మిల్లుల సన్నబియ్యానికి బెంగళూరు దాకా పేరుంది. ఆ పేరులో బాపట్ల వాటా ఉందని చెప్పుకోవడం నాకెంతో ఇష్టం.

అయితే సాంబ మసూరి నూటయాభై రోజుల పంట. నీరు గట్టిగా తాగుతుంది. ఎడమ కాలువని కట్టింది ఇంత వరికి కాదు. కొద్ది నీటిని ఎక్కువ భూమికి పంచి, జొన్న, వేరుశనగ, పత్తిలాంటి ఆరుతడి పంటలని కాపాడాలన్నది అసలు లెక్క. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ప్రభుత్వం ముందే నిర్ణయించింది. ఎగువన వరి పెరిగేకొద్దీ ఆ లెక్క తప్పింది. పైగా జలాశయంలో పూడిక. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105 దగ్గరకి వచ్చింది. ఆ కొరతంతా దిగువన మాన్వి, రాయచూరు రైతుల మీద పడింది. ఆయకట్టు అని కాగితాల్లో ఉన్న పొలాలకి నీరందదు.

మావాళ్ళ కష్టాన్ని నేను చిన్నబుచ్చను. ముళ్ళకంపలు కొట్టి, పాముల మధ్య గుడిసెల్లో బతికి ఆ నేలని బాగుచేశారు. కానీ శివారు రైతు బాధ తెలిసిన మనమే అక్కడ ఎగువ రైతులమయ్యాం. మాన్వి వైపు రాత్రిళ్ళు కాలువ వెంట కాపలా తిరిగే రైతు ఏ భాషలో తిట్టినా అది మా నాన్న కోపమే. ఈ మాట బాబాయి ఇంట్లోనే చెప్పాను. అందరూ నొచ్చుకున్నారు, బాబాయి చిన్నకొడుకు తప్ప. వాడు రెండేళ్ళుగా రెండో పంటకి వరి మానేసి శనగ వేస్తున్నాడు. వాడు వదిలిన నీరు మాన్వి చేరాలంటే మధ్యలో ఇంకా చాలా తూములు దాటాలి.