ముందు తలుపుకి వెనక కీళ్లు

అరసవల్లిలో మాకు బాగా తెలిసిన ఒకాయన 1960ల చివరి నాటి ఫియట్ డిలైట్ కారు కొన్నారు. ఇంజను విప్పించి బాగు చేయించారు, తుప్పు తినేసిన ఫ్లోరు మార్పించారు. ఇప్పుడు ముందు తలుపులు రెండూ తిప్పించాలని పట్టుబట్టారు. కీళ్లు వెనకవైపు, హ్యాండిల్ ముందువైపు, అచ్చం పాత ఫియట్ సెలెక్ట్ కారుకున్నట్టు. ఆ తలుపు అందం నాకూ తెలుసు. తీస్తే కారు రెండు చేతులు చాచి రమ్మన్నట్టుంటుంది. కానీ అది ఏ అవసరం కొద్దీ పుట్టిందో, ఎందుకు పోయిందో తెలుసుకున్నాకే టింకరింగ్ షెడ్డులో కట్టర్ ఆన్ చేయాలని నా మాట.

తొలి కార్లకు తలుపులే లేవు. వెనక సీట్లు వచ్చిన కొత్తలో, అంటే 1900 ప్రాంతంలో, చాలా కార్లకు వెనకనుంచే ఎక్కేవారు, మన విజయనగరం జట్కా ఎక్కినట్టే. చక్రాల మధ్య దూరం తక్కువ, పక్కన చైన్లు, వెనక చక్రాలు అడ్డం. పక్కనుంచి కాలు పెట్టే చోటే ఉండేది కాదు. ఛాసీ పొడుగయ్యాక, 1905 ప్రాంతంనుంచి, పక్క తలుపులు మామూలయ్యాయి. అప్పుడు కారు కంపెనీలు ఛాసీ, ఇంజను ఇచ్చేవి. పైన బాడీ కట్టేది మాత్రం గుర్రపు బళ్లు కట్టిన వాళ్లే. మద్రాసులో సింప్సన్ కంపెనీ 1840లో మొదలైంది బళ్లు కట్టడానికే. ఉత్తరాంధ్ర అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కి బాడీ కట్టిన లండన్ బార్కర్ కంపెనీ కూడా మొదట గుర్రపు బళ్ల కంపెనీయే. కారు వచ్చేసరికి ఆయన లేరు, 1911లోనే పోయారు. దాన్ని ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు.

ఈ బళ్ల కంపెనీలు కట్టే బాడీ లోపల చెక్క చట్రం, పైన రేకు. విండ్‌స్క్రీన్ పక్కనుండే పిల్లర్ సన్నం, అద్దాన్ని మోయడానికే సరిపోయేది. బరువైన తలుపును దానికి వేలాడదీస్తే నాలుగు వర్షాలకే అతుకులు వదిలేవి. నడిమి పిల్లర్ లావు. అందుకే ముందు తలుపుల కీళ్లు చాలా కార్లలో దానికి బిగించారు. ఎక్కడం కూడా సుఖమే. చీర కట్టుకున్నావిడ ముందు సీట్లో కూచుని, తర్వాత కాళ్లు లోపలికి పెట్టుకోవచ్చు. వెనక తలుపు సంగతి వేరు. దాని కిందిభాగాన్ని వెనక చక్రం కొరికేస్తుంది. కీళ్లు వెనక ఉంటే దిగేవారు ముఖం ముందుకు పెట్టి దిగిపోతారు, తలుపు పట్టుకున్న నౌకరు చేయి కూడా అందిస్తాడు. జమీందార్ల కార్లలో ఈ పద్ధతి పాతుకుపోవడం సహజమే.

చెక్క పోయి ఉక్కు బాడీ వచ్చినా ఈ తలుపు వెంటనే పోలేదు. 1933, 34 ఫోర్డ్ కార్ల ముందు తలుపులకు వెనక కీళ్లే. 1934 సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ ముందు తలుపులకూ అవే. 1937 ఫియట్ 508సిలో నడిమి పిల్లరే తీసేశారు. ముందు తలుపు కీళ్లు ముందు, వెనక తలుపు కీళ్లు వెనక. రెండూ తీస్తే మధ్యలో ఏమీ ఉండదు.

మనకు దగ్గరి కథ 1953లో ఇటలీలో వచ్చిన ఫియట్ 1100-103తో మొదలవుతుంది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1954 నుంచి దీన్ని మన దేశంలో తెచ్చింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు. 508సికి ఇది పూర్తిగా తిరగేత. నాలుగు తలుపుల కీళ్లూ నడిమి పిల్లర్లకే. ముందు తలుపు హ్యాండిల్ విండ్‌స్క్రీన్ దగ్గర, వెనక తలుపు హ్యాండిల్ వెనక మడ్‌గార్డు దగ్గర. ఒక్కో పక్క రెండు తలుపుల బరువూ ఒక్క స్తంభం మోయాలి. సెలెక్ట్, సూపర్ సెలెక్ట్ పేర్లతో వచ్చినవీ ఇలాంటివే. 1964లో డిలైట్ వచ్చేసరికి ముందు తలుపు కీళ్లు విండ్‌స్క్రీన్ పిల్లర్‌కు మారిపోయాయి. ఆ కారే 1972లో ప్రెసిడెంట్, 1974లో పద్మిని అయింది. అంటే ఆ అరసవల్లి ఆయన చేతిలో ఉన్నది ఇటలీ ఇంజనీర్లు కావాలని తలుపు తిప్పేశాక వచ్చిన బండి. దాన్ని మళ్లీ వెనక్కి తిప్పుతానంటున్నారు.

వాళ్లెందుకు తిప్పారో ఆలోచించాలి. ముందు కీళ్ల తలుపు సరిగా పడకపోయినా, నడుస్తుంటే ఎదురుగాలి దాన్ని బాడీకే నొక్కుతుంది. వెనక కీళ్ల తలుపు లాకు కొద్దిగా జారితే చాలు, అదే గాలి సందులో దూరి విసిరి తెరుస్తుంది. లోపలివాడు అసంకల్పితంగా హ్యాండిల్ పట్టి లాగబోతాడు. బెల్టు లేని ఆ రోజుల్లో తలుపుతో పాటు మనిషీ పోయేవాడు. అందుకే దానికి సూసైడ్ డోర్ అన్న పేరు పడింది. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. పాత రోడ్ల మీద గంటకు 50 కిలోమీటర్లు పోయిన కారే ఇవాళ శ్రీకాకుళం బైపాస్‌లో 100 పోతే, తలుపు మీద ఒత్తిడి నాలుగింతలు.

కారు ఆగి ఉన్నప్పుడూ చిక్కే. డ్రైవరు దిగేది రోడ్డువైపు. ముందు కీళ్ల తలుపును వెనకనుంచి వచ్చే ఆటో గుద్దితే అది ముందుకు విరిగిపోతుంది, ఖర్చు తలుపుదే. వెనక కీళ్లదైతే ఆటో దెబ్బ తలుపు బయటి రేకు మీద పడి, మూసుకునే వైపే తోస్తుంది. అప్పటికి రోడ్డు మీద పెట్టిన కాలు తలుపుకూ బాడీకీ మధ్య నలిగిపోతుంది. పాతకార్ల అభిమానులు గాలి సంగతి చెబుతారు గానీ, మన బజార్లలో నాకు ఎక్కువ భయం ఈ రెండోదే.

ప్రమాదాల్లో కారులోంచి బయటకు పడినవారికే చావు ముప్పు ఎక్కువని 1950ల్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధన గట్టిగా చూపించింది. అంతవరకు లాకులు బాడీ పొడుగునా సాగితే విడిపోయేవి. 1956 మోడళ్లలో ఫోర్డ్ ఒకదానిలో ఒకటి కొరుక్కునే లాకులు పెట్టింది. ఆపైన వెనక కీళ్లు ఒక్కో కారునుంచీ తప్పుకున్నాయి. సిట్రోయెన్ 2సీవీ 1964 చివర్లో, చిన్న ఫియట్ 500 1965లో మార్చుకున్నాయి. నిలబడిన చోట జాగ్రత్త పెట్టి నిలబెట్టారు. 1961 లింకన్ కాంటినెంటల్ వెనక తలుపు సరిగా పడకపోతే డాష్‌బోర్డు మీద లైటు వెలిగేది. 2003 రోల్స్‌రాయిస్ ఫాంటమ్ వెనక తలుపు బటన్ నొక్కితే మూసుకుంటుంది, బండి నడుస్తుండగా తెరుచుకోదు. ఆ భద్రత ఎలక్ట్రానిక్స్‌ది. అంత పని మన షెడ్డులో చేసి పెట్టలేం.

ఇక డిలైట్‌లో పని ఎంతుంటుందో చూడండి. కీళ్లను నడిమి పిల్లర్‌కు మార్చాలంటే పిల్లర్ కోసి లోపల దళసరి ప్లేటు వెల్డింగ్ చేయాలి. లేకపోతే ఏడాది తిరక్కుండా డోరు వాలిపోతుంది. లాకు ముందుకు రావాలి, దాన్ని పట్టే కొక్కెం విండ్‌స్క్రీన్ పిల్లర్‌లో కూచోవాలి. తలుపు లోపల గ్లాసు మిషను, రాడ్లు, అన్నీ అటూ ఇటూ కావాలి. ఎంత మంచి టింకరింగ్ మేస్త్రి అయినా ఈ పనిని చేత్తో, కంటి కొలతతో చేస్తాడు. దాన్ని పరీక్షించేది మాత్రం రోడ్డే.

పైగా చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు చెప్పినదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే ఖాయం చేసింది. 2021 జులైలో వచ్చిన నిబంధనలు పాతకారు మీద ప్రేమున్నవారికి నిజమైన వరం. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసీ, బాడీ షెల్, ఇంజను మార్చని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో వీఏ అక్షరాలు, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. అరసవల్లి ఆయన డిలైట్ దానికి వయసొచ్చిన బండి. పిల్లర్ కోసిన రోజున ఆ అర్హత చేజేతులా పోతుంది.

సొంత ఊహతో బాడీ కట్టాలని ఉంటే ప్రదర్శనకే కట్టుకోవచ్చు. బర్గర్ ఆకారంలోనూ క్రికెట్ బంతి ఆకారంలోనూ కార్లు చేసి పెట్టిన హైదరాబాద్ బహదూర్‌పురా సుధా కార్స్ మ్యూజియం అందుకు ఉదాహరణ. రోడ్డెక్కే డిలైట్‌కు మాత్రం వద్దనే నా ఖండితమైన అభిప్రాయం.

ఆ తలుపే కావాలంటే తలుపు తిప్పడం కాదు, కారు మార్చుకోవడం మేలు. పాత సెలెక్ట్ దొరికితే పుట్టుకతో వచ్చిన కీళ్లనే ఉంచి, పిన్నులు, బుష్షులు కొత్తవి వేయించాలి. నడిమి పిల్లర్ అడుగున తుప్పుందేమో సుత్తితో తట్టి చూడాలి. లాకు రెండు మెట్లుగా పడుతోందో లేదో ప్రతిసారీ బయటనుంచి లాగి చూసుకోవాలి. బెల్టులు కట్టించడం సాధ్యమైతే మేస్త్రిని అడిగి కట్టించాలి. రాత్రిపూట హైవే ఎక్కకుండా, పట్నంలోనే మెల్లగా తిప్పుకోవాలి. దిగేటప్పుడు ఎడమవైపు తలుపునుంచే దిగమని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి.