గుండు గొట్టంలోకి దిగేదెలా?

తుపాకి గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు చెక్కితే గుండు తిన్నగా పోతుందన్న సంగతి ఐరోపాలో 16వ శతాబ్దం నాటికే తెలుసు. జర్మన్ ఊళ్లలో గురి పందేలు కాసేవాళ్లకూ, కొండల్లో వేటాడేవాళ్లకూ అందులో రహస్యమేమీ లేదు. అయినా ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు అక్కడి సైన్యాలు చాలావరకు నున్నటి గొట్టం మస్కెట్లతోనే యుద్ధాలు చేశాయి. అది సేనాపతుల మొండితనమని చెప్పేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. వాళ్లకు అడ్డుపడింది తుపాకి మూతి.

అప్పటి తుపాకులన్నీ దాదాపు మూతి నుంచి కూరేవే. మందు పోసి, పైన సీసపు గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. మన మన్యంలో అప్పుడప్పుడు పోలీసులకు చిక్కే నాటు తుపాకిదీ ఇదే పద్ధతి. నున్నటి గొట్టానికైతే గుండు కాస్త చిన్నదైనా ఇబ్బంది లేదు, వదిలితే జారిపోతుంది. బ్రిటిష్ వాళ్ల బ్రౌన్ బెస్ మస్కెట్ గొట్టం లోపలి వెడల్పు 0.75 అంగుళాలు, అందులో వేసే గుండు సుమారు 0.69. ఆ సందు ఉండబట్టే సిపాయి నిమిషానికి మూడుసార్లు పేల్చగలిగేవాడు. ఆ సందు ఉండబట్టే గుండు గొట్టం గోడలకు తగులుకుంటూ వచ్చి, బయటపడ్డాక తన ఇష్టం వచ్చిన దిక్కుకు పోయేది. నూరు గజాలు దాటాక ఒక్క మనిషికి గురిపెట్టి కొట్టడం అంటే లాటరీ టిక్కెట్టు కొనడమే.

రైఫిల్ సంగతి వేరు. గాడులు గుండును పట్టుకుని మెలితిప్పితేనే అది బొంగరంలా తిరుగుతూ దారి తప్పకుండా వెళ్తుంది. గాడులకు పట్టు దొరకాలంటే గుండు బిగువుగా ఉండాలి. బిగువైన గుండు మూతిలోంచి అడుగుదాకా ఎలా దిగుతుంది? దిగేటప్పుడు వదులు కావాలి, వచ్చేటప్పుడు బిగువు కావాలి. ఈ చిక్కుముడి విప్పడానికే శతాబ్దాలు పట్టాయి.

మొదట దొరికిన ఉపాయం సుత్తి. జర్మన్ వేటగాళ్లు గుండును మూతి మీద పెట్టి, కడ్డీ ఆనించి, చెక్క సుత్తితో కొట్టి దింపేవాళ్లు. సీసం మెత్తన కాబట్టి గాడుల ఆకారానికి ఒదిగేది, కానీ కొట్టిన కొట్టుడుకు గుండ్రంగా ఉండాల్సింది చప్పిడి అయ్యేది. పైగా నాలుగైదు దెబ్బలు పేలేసరికి అదీ సాగదు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఆ పాతకాలపు మందు పూర్తిగా ఆవిరైపోయే రకం కాదు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత తెల్లటి పొగగా లేస్తుంది, కొంత గొట్టం గోడకు మసి కిట్టంగా అంటుకుంటుంది. ప్రతి దెబ్బకూ గొట్టం ఇంకాస్త ఇరుకవుతుంది.

సుత్తి కంటే మేలైన ఉపాయం కొవ్వు రాసిన గుడ్డపీలిక. ఐరోపాలోనూ దీన్ని ఎరుగుదురు గానీ, దాన్ని ఒక కళగా మార్చింది మాత్రం 18వ శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలసపోయిన జర్మన్, స్విస్ కమ్మరులు. లాంకాస్టర్ చుట్టుపక్కల వాళ్లు పెట్టుకున్న కొలిమి దుకాణాల్లో పొట్టి జర్మన్ రైఫిల్ మెల్లమెల్లగా సాగింది. గొట్టం 40 అంగుళాలు దాటింది. లోపలి వెడల్పు మాత్రం తగ్గింది, అడవుల్లో నెలల తరబడి తిరిగేవాడికి సీసమూ మందూ రెండూ పొదుపుగా వాడుకోవాల్సిన సరుకులే మరి. అలల గీతలున్న మేపుల్ చెక్కతో బట్టు, దానికి ఒక పక్కన ఇత్తడి మూత ఉన్న చిన్న అర. ఆ అరలో కొవ్వు రాసిన పీలికలు దాచుకునేవాళ్లు. గుండు గొట్టం కంటే కొంచెం చిన్నది, చుట్టూ గుడ్డ. గాడుల్లోకి దిగేది గుడ్డ, సీసం కాదు. మూతి దాటగానే పీలిక విడిపోయి కింద పడుతుంది, గుండు ఒంటరిగా తిరుగుతూ పోతుంది.

గుండు ఎందుకు పక్కకు పోతుందో లెక్కగా తేల్చింది బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లిష్ గణితవేత్త. 1742లో ఆయన తుపాకి శాస్త్రం మీద రాసిన పుస్తకమే తర్వాతివాళ్లకు పునాది. ఆయన చేసిన ప్రయోగాల్లో ఒకటి నాకు భలే ఇష్టం. ఒక మస్కెట్ గొట్టాన్ని మూతి దగ్గర ఎడమవైపుకు కొద్దిగా వంచాడు. ముందు వరసగా పలుచటి కాగితపు తెరలు కట్టి పేల్చాడు. గుండు ముందు ఎడమకే వెళ్లింది, వింతేమీ లేదు. కానీ దూరం పోయేకొద్దీ తెరల మీది చిల్లులు కుడివైపుకు వంపు తిరిగాయి. వంచిన గొట్టంలో గుండు కుడి గోడను రాసుకుంటూ వచ్చి గింగిరాలు తిరిగింది, ఆ తిరుగుడే గాలిలో దాన్ని పక్కకు లాగింది. నున్నటి గొట్టంలోంచి వచ్చే ప్రతి గుండుకూ ఏదో ఒక తిరుగుడు ఉంటుంది, ఎటువైపన్నది మన చేతిలో ఉండదు. రైఫిల్ చేసేదల్లా ఆ తిరుగుడును మన అదుపులోకి తేవడమే. రైఫిల్ గుట్టును ముందుగా పూర్తిగా పట్టుకున్న దేశానిదే పైచేయి అవుతుందని 1747లో రాసిన వ్యాసంలో రాబిన్స్ జోస్యం చెప్పాడు. అది నిజం కావడం చూసేందుకు ఆయన బతకలేదు. ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేసే కొలువు మీద మన తూర్పు తీరానికి వచ్చి, 1751 జులైలో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు.

బ్రిటిష్ సైన్యం చివరికి 1800లో ఎజెకీల్ బేకర్ చేసిన రైఫిల్ తీసుకుంది. 100 గజాల దూరం నుంచి 34, 200 గజాల నుంచి 24 గుళ్లు పేల్చి, అన్నీ మనిషి బొమ్మకు తగిలించి చూపించుకున్న ఘనుడాయన. మొదట్లో సిపాయిలకు దీంతో పాటు చెక్క సుత్తులు కూడా ఇచ్చారు! తర్వాత వాటిని మానేశారు. గురి చూసి కొట్టాలంటే పీలిక చుట్టిన గుండు, శత్రువు మీద పడుతుంటే పీలిక లేని వదులు గుండు, ఇలా రెండు రకాలూ సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్లు. అంటే ముడి విప్పలేదు, పూటకో కొసను పట్టుకుని నెట్టుకొచ్చారు.

ఈలోగా మందును అంటించే నిప్పు సంగతి స్కాట్లాండులో ఒక పాస్టర్ గారి చేతిలో పడింది. బెల్‌హెల్వీ అనే పల్లెలో ఉండే అలెగ్జాండర్ జాన్ ఫోర్సైత్‌కు బాతుల వేట పిచ్చి. అప్పటి చెకుముకి తుపాకిలో మీట నొక్కితే గుర్రం అనే కొక్కేనికి బిగించిన రాయి ఉక్కు పలకను గీరుతుంది. రవ్వలు పక్కనున్న చిన్న గిన్నెలోని మందు మీద రాలుతాయి. అది భగ్గుమని, ఆ మంట సన్నని చిల్లులోంచి లోపలికి పోయాక అసలు మందు అంటుకుంటుంది. గిన్నెలో మంట కనబడగానే బాతులు బుడుంగున మునిగేవి, గుండు వెళ్లేసరికి నీళ్లే మిగిలేవి. దెబ్బ తగిలితే పేలే ఫల్మినేట్లతో ఫోర్సైత్ గిన్నె అక్కర్లేని ఏర్పాటు చేశాడు. ఆయుధశాఖ పెద్ద లార్డ్ మోయిరా ఆయన్ను లండన్ టవర్‌కు పిలిపించి పని చేయించాడు.  ఆయుధశాఖలో మోయిరా స్థానంలోకొచ్చిన లార్డ్ చాతమ్ మాత్రం ఆ చెత్తంతా తీసుకుని వెళ్లిపొమ్మన్నాడు. పాస్టర్ గారు 1807లో పేటెంటు తీసుకుని ఊరికి తిరిగొచ్చేశారు. ఆ ఆలోచనే మరికొందరి చేతుల్లో చిటికెన వేలి కొసంత రాగి టోపీగా మారింది. 1834లో వూలిచ్‌లో రెండు రకాల తుపాకులతోనూ ఆరేసి వేల గుళ్లు పేల్చి చూశారు. చెకుముకిది 922 సార్లు తుస్సుమంది, టోపీది 36 సార్లు. ఆ తర్వాత వాదించేవాడెవడు? ఫోర్సైత్‌కు 1842లో సర్కారు విదిల్చింది 200 పౌన్లు, మరుసటేడాది ఆయన పోయాడు.

నిప్పు కుదిరింది, గుండు ఇంకా కుదరలేదు. అసలు ఉపాయం మన దక్షిణాది నుంచి వెళ్లిందంటే నమ్మబుద్ధి కాదు గానీ, నిజం. 1823 ప్రాంతంలో ఇక్కడ ఉన్న బ్రిటిష్ 34వ పటాలం కెప్టెన్ జాన్ నార్టన్, స్థానికులు ఊదుగొట్టంతో వేసే బాణాలను చూశాడు. బాణం అడుగున తామర బెండు ఉంది. ఊదినప్పుడు ఆ బెండు గాలి ఒత్తిడికి విచ్చుకుని గొట్టం గోడకు అతుక్కుంటోంది, గాలి పక్కనుంచి జారిపోవడం లేదు. ఇదేదో సీసంతో చేస్తే? అడుగు బోలుగా, ముక్కు మొనగా ఉన్న పొడవాటి గుండు తయారుచేశాడు. గుండంటే గుండ్రంగా ఉండాల్సిందేనని సైన్యం తోసిపుచ్చింది. 1830ల్లో విలియం గ్రీనర్ అనే తుపాకుల పనివాడు గుండు అడుగున బిరడా పెట్టి చూపించాడు. అదీ నెగ్గలేదు.

ఫ్రెంచి వాళ్లు వేరే దారిన వెళ్లారు. డెల్విన్ 1826లో గొట్టం అడుగున మందు అరను ఇరుకు చేసి, వదులుగా దిగిన గుండు ఆ అంచు మీద కూర్చున్నాక కడ్డీతో పొడిచి వెడల్పు చేయించాడు. 1844లో తువనా అడుగున ఒక ఉక్కు మేకు నిలబెట్టి, గుండును దానిమీద పొడవమన్నాడు. ఇద్దరివీ సుత్తి పనులే, కాకపోతే సుత్తి దెబ్బ మూతి దగ్గర్నుంచి అడుగుకు మారింది. 1849లో కెప్టెన్ క్లోద్ మినియే ఆ దెబ్బ బాధ్యతను మందుకే అప్పగించాడు. బోలు అడుగులో చిన్న ఇనుప గిన్నె పెట్టాడు. మందు పేలగానే గిన్నె ముందుకు దూసుకుపోయి సీసపు అంచులను విప్పార్చేది, అవి గాడుల్లోకి ఒరుసుకునేవి. దిగేటప్పుడు వదులు, వచ్చేటప్పుడు బిగువు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు 20,000 పౌన్లు చెల్లించింది. తన ఆలోచనే ఇదని మొత్తుకున్న గ్రీనర్‌కు తర్వాత 1,000 పౌన్లు దక్కాయి. ఊదుబాణాలు చేసినవాళ్ల పేర్లు ఏ పద్దులోనూ లేవు.

ఆ సూత్రం మీదే 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వచ్చింది. 39 అంగుళాల గొట్టం, మూడు గాడులు, 0.577 వెడల్పు. గుండూ మందూ ఒకే కాగితపు పొట్లంలో వచ్చేవి. కొస పంటితో కొరికి మందు పోయాలి, గుండు ఉన్న భాగాన్ని కాగితంతో సహా మూతిలో దింపాలి. ఆ కాగితానికి బయట కొవ్వు. లాంకాస్టర్ పీలిక చేసిన పనే ఇక్కడ కాగితం చేస్తోంది. ఆ కొవ్వు ఆవుదా, పందిదా అన్న అనుమానం 1857లో ఎంత దూరం తీసుకెళ్లిందో చెప్పక్కర్లేదు. తక్కువమందికి తెలిసిన ముక్క ఒకటుంది. ఏప్రిల్ 24న మీరట్ కవాతులో 85 మంది రౌతులు తాకనన్న తూటాలు కొత్త ఎన్‌ఫీల్డ్‌వి కావు, వాళ్లు రోజూ వాడే పాతరకానివే. నమ్మకం పోయాక తూటా ఏదైతేనేం? పొట్లం చేత్తో చింపినా చాలని అప్పటికే మార్చిన నిబంధన కూడా ఆ అనుమానాన్ని తీర్చలేకపోయింది.

మినియే గెలుపు ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. 1866లో జేకబ్ స్నైడర్ అనే అమెరికన్ పద్ధతిలో ఎన్‌ఫీల్డ్ వెనక భాగం కోసి, పక్కకు తెరుచుకునే దిమ్మె బిగించారు. ఇక తూటా వెనకనుంచే పెట్టొచ్చు, ఎంత బిగువుగానైనా ఉండొచ్చు. ముడి విప్పలేదు, కోసేశారు. స్నైడర్ అదే ఏడాది అప్పులతో చనిపోయాడు. ఈ కథలో కనిపెట్టినవాళ్ల జాతకాలు ఇలాగే ఉన్నాయి.

అక్కడితో మూతి తుపాకి మ్యూజియంకు పోవాల్సింది. కానీ 1931లో ఒహాయో రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో కొందరు తాతల నాటి రైఫిళ్లు దులుపుకుని గురి పోటీకి దిగారు. 1933లో దేశవ్యాప్త సంఘం పెట్టుకున్నారు. ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో ఆ సంఘం పోటీలు నడుస్తాయి. 1950ల్లో పాత తుపాకుల నకళ్లు అమ్మకానికి వచ్చాక, అమెరికా రాష్ట్రాలు చాలావాటిలో మూతి తుపాకులకు విడిగా వేట రోజులు కేటాయించాక, కొత్తవాళ్లు పెరిగారు. మన దేశంలో మాత్రం మూతి తుపాకికైనా ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే.

అక్కడ మొదలుపెట్టేవాడు ఎక్కువగా కొనేది 0.50 అంగుళాల రైఫిల్. గుండు 0.490, గుడ్డ మందం 0.015. గుండుకు రెండు పక్కలా గుడ్డ కలిపితే 0.520, గొట్టం కంటే ఎక్కువ. తప్పు లెక్క కాదు, ఆ ఎక్కువంతా గుడ్డ నలిగి గాడుల్లోకి ఒదగాల్సిన భాగం. గుడ్డ పరుపు గలీబులకు వాడే గట్టి నేత నూలుది, దానికి కొవ్వో, నూనో, ఏమీ లేకపోతే నోటి ఉమ్మో. మొదటి అంగుళం దింపడానికి గుండ్రటి పిడి ఉన్న పొట్టి కడ్డీ, తర్వాత పొడుగు కడ్డీ. పొడుగు కడ్డీ మీద ఒక గీత ఉంటుంది, గీత మూతికి సమంగా వస్తేనే గుండు మందు మీద ఆనినట్టు. మధ్యలో ఆగిపోతే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు. మందును అది దాచుకునే కొమ్ములోంచి నేరుగా గొట్టంలో పోయరు, లోపల నిప్పు కణిక మిగిలి ఉంటే చేతిలోని కొమ్మే పేలుతుంది. కొలత గొట్టంలో పోసుకుని, అక్కడినుంచి వంపుతారు. ఇప్పటి తూటాల్లో ఉండే పొగ రాని మందు ఇందులో చిటికెడు కూడా పడకూడదు, దాని ఒత్తిడికి ఈ గొట్టాలు ఆగవు. సాయంత్రానికి వేణ్నీళ్లతో కడిగి నూనె పట్టించకపోతే ఆ కిట్టం చెమ్మ లాక్కుని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది.

ఇంత సరంజామాలోనూ కొత్తవాడికి ఎక్కువ పాఠం చెప్పేది పేలాక కొన్ని గజాల అవతల పడే పీలిక. పాత కాపులు దాన్ని ఏరి తెచ్చి వెలుతురులో పట్టి చూస్తారు. నడుమ నల్లటి వలయం, అంచులు కొద్దిగా పీచులేచి, గుడ్డ గట్టిగా ఉంటే అంతా సరే. నడుమ కాలి చిల్లు పడితే కొవ్వు చాలలేదు, లేదా గుడ్డ పలుచన. వలయం మీదే వరసగా కోతలుంటే గాడుల అంచులు పదునుగా ఉన్నాయన్నమాట. అలాంటి కొత్త గొట్టం ఇంకో వంద గుళ్లు పేల్చితే గానీ దారికి రాదు.