రాస్ దీవిలో రొట్టెల బట్టీ

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) వెళ్ళినవాళ్ళంతా సెల్యులార్ జైలు చూసి కళ్ళు తుడుచుకుంటారు. దానికి ఎదురుగా, పడవలో పది పదిహేను నిమిషాల దూరంలో ఉన్న రాస్ దీవికి మాత్రం జింకల్ని చూడడానికి, ఫోటోలు దిగడానికి వెళ్తారు. మేమూ అందుకే బయల్దేరాం: మా అత్తయ్య, మావారు, ఇంటర్ చదివే మా అమ్మాయి, నేను. చూసొచ్చాక మాత్రం నన్నడిగితే జైలు కంటే ముందు ఈ దీవినే చూడమంటాను.

2018 నుంచి దీని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. చదరపు కిలోమీటరు కూడా ఉండదు. 1857 తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్ళని దూరంగా పడేయడానికి తెల్లవాళ్ళు అండమాన్‌ని ఎంచుకున్నారు. 1858 మార్చిలో డాక్టర్ జేమ్స్ వాకర్ 200 మంది ఖైదీలతో వచ్చి ముందు చాతమ్ దీవిలో దిగాడు. అక్కడ నీళ్ళు చాలక రాస్‌కి మారారు. ఇక్కడ అడవి కొట్టింది ఖైదీలే, రాళ్ళు మోసిందీ ఖైదీలే. మొదటి నెలల్లోనే పారిపోయి దొరికిపోయిన 80 మందికి పైగా మనుషుల్ని వాకర్ ఒకేసారి ఉరి తీయించాడు. ఆయన వృత్తి వైద్యం!

తర్వాత ఇదే దీవి అండమాన్‌కి రాజధాని అయింది. చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, క్లబ్బు, డాన్సులాడే హాలు, టెన్నిస్ కోర్టు, ప్రెస్సు, బేకరీ... అన్నీ వెలిశాయి. 'తూర్పు దేశపు పారిస్' అని ఇప్పటికీ గొప్పగా చెప్తుంటారు. ఆ మాట వింటే నాకు చిరాకేసింది. దొరల ఇళ్ళల్లో పనివాళ్ళుగా కూడా ఖైదీలనే పెట్టుకునేవారు మరి.

ఇప్పుడు ఆ గోడలన్నీ చెట్ల వేళ్ళ చేతుల్లో ఉన్నాయి. కప్పులు లేవు. కిటికీ ఉండాల్సిన చోట లావుపాటి వేరు దిగి ఉంది. "ఎంత బాగుందమ్మా!" అని మా అమ్మాయి ఫోటోల మీద ఫోటోలు తీసింది. వేళ్ళు నరికి గోడలు బాగుచెయ్యొచ్చుగా అన్నారు మావారు. కానీ చూస్తే చాలాచోట్ల గోడ పడిపోకుండా పట్టుకుంది ఆ వేళ్ళే.

అత్తయ్య బేకరీ దగ్గర ఆగిపోయారు. చర్చీ, బంగళా ఆవిడకి పట్టలేదు. చుట్టూ చూసి, "ఇంతమంది దొరలకి తెల్లారేసరికి పిండి పిసికిందెవరంటావే?" అన్నారు. ఇంకాస్త ముందుకెళ్తే సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ప్లాంటు శిథిలం కనిపించింది. దాన్నీ అలాగే నిలబడి చూశారు. నాలుగు బిందెల నీళ్ళు మోసినవాళ్ళకి తెలుస్తుంది ఆ కష్టం.

1941 జూన్‌లో భూకంపం వచ్చింది. మరుసటి ఏడు మార్చిలో జపాన్ సైన్యం దిగింది. వాళ్ళు కట్టిన బంకర్లు ఒడ్డున ఇంకా ఉన్నాయి. 1943 డిసెంబరులో నేతాజీ వచ్చినప్పుడు దించింది చీఫ్ కమిషనర్ బంగళాలోనేనట. యుద్ధం అయ్యాక దీవిని అలా వదిలేశారు. 1979లో మన నౌకాదళం తీసుకుంది.

తిరుగు పడవలో అత్తయ్యకి గాం మల్లుదొర సంగతి చెప్పాను. ఆవిడ పుట్టిల్లు నర్సీపట్నం వైపు, అల్లూరి పేరు చెప్తే ఇప్పటికీ చేతులు జోడిస్తారు. అల్లూరితో కలిసి పోరాడిన మల్లుదొరకి మొదట ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని మార్చి అండమాన్ పంపారు. అప్పటికింకా ఈ దీవిలో దొరల కాపురాలు సాగుతూనే ఉన్నాయి.

"బతికి వచ్చాడా?" అన్నారు అత్తయ్య.

వచ్చారు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి కూడా వెళ్ళారు. ఆ మాట ఆవిడ నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు.